జబూర్ ఎవరిది? హజ్రత్ దావూద్ (అ.స.) జీవితం, ఆయన పేరు మీద నిలిచిన పాటలు

నిజామాబాద్: అహ్మదీ బజార్‌లో నిలబడి దావూద్ భాయ్ అని పిలిస్తే ఇద్దరు ముగ్గురైనా తిరిగి చూస్తారు. డిచ్‌పల్లిలో ఆదివారం చర్చి విడిచే టైంకు దావీదు అని పిలిచినా అంతే. రెండు పేర్లూ ఒకే మనిషివి. దాదాపు మూడు వేల ఏళ్ల కింద పాలస్తీనా కొండల్లో గొర్లు కాసి, తర్వాత రాజైన మనిషి ఆయన. ముస్లింలకు ఆయన జబూర్ గ్రంథం అందుకున్న ప్రవక్త, హజ్రత్ దావూద్ అలైహిస్సలాం. యూదులకు, క్రైస్తవులకు కీర్తనలు కట్టిన రాజు.

మన దగ్గర చాయ్ హోటళ్లలో, కాలేజీ హాస్టళ్లలో ఈ పేరు మీద ఒక వాదన అప్పుడప్పుడు లేస్తూ ఉంటుంది. క్రైస్తవ సోదరుల బైబిల్లో ఉన్న 150 కీర్తనలూ మన జబూరేనా అన్నది ఆ వాదన. కొందరు అదే ఇది అని తేల్చేస్తారు. ఇంకొందరు అందులో ఆయనది ఒక్క మాట కూడా లేదని కొట్టిపారేస్తారు. రెండూ తొందరపాటు జవాబులే. ఆ పాటలు ఎట్లా పుట్టాయి, ఎవరెవరి గొంతుల మీదుగా వచ్చాయి అన్నది తెలియాలంటే ముందు ఆయన జీవితం తెలియాలి.

గొర్ల కాపరి నుంచి రాజు దాకా

ఊరు బేత్లెహేము. అరబ్బులు బైత్ లహ్మ్ అంటారు. బైబిల్ ప్రకారం తండ్రి పేరు యెష్షయి. కొడుకుల్లో అందరికంటే చిన్నవాడు దావూద్. అన్నలు యుద్ధానికి పోతే ఈయన గొర్ల వెంట పోయేవారు. అప్పుడు ఇజ్రాయీల్ సంతతికి రాజు తాలూత్. బైబిల్లో ఆయన పేరు సౌలు. శత్రువుల వైపు జాలూత్ అనే వీరుడు ఉన్నాడు. క్రైస్తవులు గొల్యాతు అంటారు. వాణ్ణి చూసి పెద్ద పెద్ద సిపాయిలే వెనక్కి తగ్గారు. ఒడిసెల పట్టుకున్న కుర్రాడు ముందుకు పోయి వాణ్ణి పడగొట్టాడు. జాలూత్‌ను దావూద్ చంపిన సంగతి, ఆ తర్వాత అల్లాహ్ ఆయనకు రాజ్యాన్నీ వివేకాన్నీ ఇచ్చిన సంగతి ఖుర్ఆన్ సూరా బఖరాలో ఉంది.

బైబిల్ ఇక్కడ ఇంకో వివరం చెప్తుంది. సౌలు రాజుకు మనసు చెదిరినప్పుడు దావూద్ తంత్రీవాద్యం మీటేవారని, అది వింటే రాజుకు నిమ్మళం అయ్యేదని. తర్వాత అదే రాజుకు ఈయన మీద ఈర్ష్య పుట్టింది. దావూద్ ప్రాణం కాపాడుకోడానికి గుహల్లో, అడవుల్లో తిరగాల్సి వచ్చింది. చివరికి గిల్బోవ కొండ మీద జరిగిన యుద్ధంలో సౌలు, ఆయన కొడుకు యోనాతాను చనిపోయారు. తనను తరిమిన రాజు చనిపోయాడని దావూద్ సంబరపడలేదు. ఇద్దరి కోసం ఏడ్చి ఒక శోకగీతం కట్టారు. యోనాతాను ఆయనకు ప్రాణస్నేహితుడు.

ఈ శోకగీతం గురించి ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇది కీర్తనల పుస్తకంలో లేదు, సమూయేలు రెండో గ్రంథంలో ఉంది. ఇందులో దేవుడి పేరు కూడా రాదు. ఒక మనిషి ఇంకో మనిషి కోసం ఏడ్చిన పాట ఇది. దావూద్ స్వయంగా కట్టి ఉంటారని పండితులు చాలామంది ఒప్పుకునే పాటల్లో ఇది ముందు వరసలో ఉంటుంది.

బైబిల్ లెక్కలో ఆయన 30 ఏళ్ల వయసులో రాజయ్యారు. మొదటి ఏడేళ్లు హెబ్రోనులో, తర్వాత 33 ఏళ్లు జెరూసలేంలో, మొత్తం 40 ఏళ్లు పాలించారు. కాలం సుమారు క్రీస్తుపూర్వం 1000. అసలు అట్లాంటి రాజు ఉన్నాడా అని అడిగేవాళ్లు ఒకప్పుడు ఉండేవారు. 1993లో ఉత్తర ఇజ్రాయెల్‌లోని తెల్ దాన్ తవ్వకాల్లో ఒక రాతి ముక్క బయటపడింది. అరామిక్ భాషలో ఉన్న ఆ శాసనం క్రీస్తుపూర్వం 9వ శతాబ్దానిది. అందులో దావూద్ వంశం ప్రస్తావన ఉంది. ఆయన పోయిన నూరు, నూటయాభై ఏళ్లకే పక్క రాజ్యం వాళ్లు కూడా ఆ వంశాన్ని ఆయన పేరుతో పిలిచారన్న మాట.

ఇనుము మెత్తబడిన చేతులు

ఖుర్ఆన్ ఆయన గురించి చెప్పిన వాటిలో మన జిల్లా వాళ్లకు దగ్గరగా తగిలేది ఇనుము సంగతి. అల్లాహ్ ఆయన కోసం ఇనుమును మెత్తబరిచాడు, కడియాలు సరిగ్గా కొలిచి గొలుసు కవచాలు చేయడం నేర్పాడు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు కమ్మరి కొలుముల్లో తయారైన ఉక్కు దేశాలు దాటి పోయేది. దాన్ని కొనడానికి ఇరాన్ వ్యాపారులు ఇక్కడి దాకా వచ్చేవారు. డమాస్కస్ కత్తులుగా పేరుపడ్డవి ఇట్లాంటి ఉక్కుతో చేసినవే. ఇనుమును లొంగదీయడం ఎంత కష్టమో తరతరాలుగా చూసిన నేల ఇది.

రాజై ఉండి కూడా దావూద్ తన చేతి కష్టం మీదే తిన్నారని ప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పినట్టు సహీహ్ బుఖారీలో ఉంది. ఖజానా చేతిలో ఉన్నా కొలిమి ముందు కూర్చున్న రాజు ఆయన. రోజంతా చేట ముందు పెట్టుకుని బీడీలు చుట్టి ఇల్లు నడిపే మన ఆడవాళ్లకు ఈ హదీసు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆయన ఇబాదత్ కూడా అట్లాగే కష్టం మీద కట్టినది. ఒక రోజు ఉపవాసం, ఒక రోజు విడుపు. నఫిల్ ఉపవాసాల్లో అల్లాహ్‌కు చాలా ఇష్టమైనవి ఇవేనని హదీసు. రాత్రి సగం నిద్ర, మూడో వంతు నమాజు, మిగిలిన ఆరో వంతు మళ్లీ నిద్ర. పొద్దున లేస్తే దర్బారు, తగాదాలు, సైన్యం. రాత్రి అయితే మిహ్రాబ్‌లో ఏకాంతం. ఆ ఏకాంతంలో ఆయన గొంతు ఎత్తితే కొండలు, పక్షులు కూడా కలిసి అల్లాహ్‌ను స్తుతించేవని ఖుర్ఆన్ చెప్తుంది.

ఆ గొంతు పేరు ఈరోజుకూ మన నోట్లో ఉంది. రంజాన్ తరావీహ్‌లో హాఫిజ్ సాబ్ మంచిగా ఖిరాత్ చేస్తే పెద్దవాళ్లు లహ్నె దావూదీ అని మెచ్చుకుంటారు. ప్రవక్త (స) కూడా తన సహాబీ హజ్రత్ అబూ మూసా అష్అరీ ఖిరాత్ విని, దావూద్ ఇంటివారి మజామీర్ లాంటి స్వరం దక్కిందని మెచ్చుకున్నారు. కీర్తనకు హీబ్రూలో మిజ్మోర్ అంటారు. అరబీ మిజ్మార్, హీబ్రూ మిజ్మోర్ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు.

చేనులో పడ్డ గొర్లు

పాటగాడిగానే కాదు, న్యాయమూర్తిగా కూడా ఖుర్ఆన్ ఆయన్ను చూపిస్తుంది. ఒకరి గొర్లు రాత్రిపూట ఇంకొకరి చేనులో పడి పంట మేశాయి. బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో ఇట్లాంటి పంచాయితీ చూడని రైతు ఉండడు. తఫ్సీర్లలో ఉన్న వివరం ప్రకారం, నష్టానికి బదులు గొర్లను చేను యజమానికి ఇచ్చేయాలని దావూద్ తీర్పు చెప్పారు. అప్పుడు చిన్నవాడైన కొడుకు సులైమాన్ ఇంకో దారి చూపించారు. గొర్లు కొన్నాళ్లు రైతు దగ్గర ఉంటాయి, పాలు, ఉన్ని అతను వాడుకుంటాడు. ఈలోపు కాపరి చేను బాగుచేసి మునుపటిలా పంట నిలబెడతాడు. ఆ తర్వాత ఎవరిది వాళ్లకు. తండ్రి తన తీర్పు పక్కనపెట్టి కొడుకు మాట తీసుకున్నారు. ఇద్దరికీ జ్ఞానం, వివేకం ఇచ్చానని అల్లాహ్ చెప్పాడు.

ఇంకో ఘటన సూరా సాద్‌లో ఉంది. ఇద్దరు మనుషులు గోడ దూకి ఆయన ఏకాంతంగా ఉన్న చోటికి వచ్చారు. తన దగ్గర ఒక్క గొర్రె ఉందని, 99 గొర్లున్న సోదరుడు దాన్ని కూడా అడుగుతున్నాడని ఒకరు మొరపెట్టుకున్నారు. దావూద్ వెంటనే ఆ సోదరుడిది అన్యాయం అన్నారు. అంతలోనే ఇది తనకు పెట్టిన పరీక్ష అని అర్థమై సజ్దాలో పడి క్షమాపణ వేడుకున్నారు. అల్లాహ్ క్షమించాడు. ఈ ఆయతు దగ్గర హనఫీలు ఇప్పటికీ సజ్దా చేస్తారు. రెండో వాళ్ల మాట వినకుండానే తీర్పు చెప్పడమే అక్కడ జరిగిన పొరపాటని కొందరు ముఫస్సిర్లు వివరించారు.

బైబిల్ ఈ దగ్గర వేరే కథ చెప్తుంది. బత్షెబ అనే ఆమెను, ఆమె భర్త ఊరియాను కలిపి రాజు మీద పెద్ద పాపం మోపుతుంది. 51వ కీర్తన పశ్చాత్తాపంతో పుట్టిన పాట అని, దాని సందర్భం ఇదేనని అక్కడి శీర్షిక. ప్రవక్తలు అట్లాంటి పాపాలకు దూరం అన్నది ముస్లింల విశ్వాసం. ఇమాం రాజీ ఆ కథను గట్టిగా తోసిపుచ్చారు. ఇబ్న్ కసీర్ దాన్ని ఇస్రాయీలియాత్ కింద పక్కనపెట్టారు. ఈ తేడా చిన్నది కాదు, దాచాల్సినదీ కాదు. అయితే గర్వంతో ఉన్న రాజు కాదు, తప్పు తెలియగానే నేల మీద పడి ఏడ్చిన రాజు అన్న చిత్రం రెండు చోట్లా ఉంది. కీర్తనల్లో చాలావాటికి ప్రాణం ఆ ఏడుపే.

150 పాటల పద్దు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. కీర్తనల పుస్తకంలో 150 పాటలున్నాయి. చాలా పాటల నెత్తిన ఒక శీర్షిక ఉంటుంది. ఆ శీర్షికల్లో ఉన్న పేర్లను పద్దు వేసినట్టు వేస్తే ఇట్లా తేలుతుంది. దావూద్ పేరుతో 73. ఆసాపు పేరుతో 12. కోరహు కుమారుల పేరుతో 11. సులైమాన్ పేరుతో 2. మూసా అలైహిస్సలాం పేరుతో 1. ఏతాను పేరుతో 1. మొత్తం 100. మిగిలిన 50 పాటల మీద ఎవరి పేరూ లేదు. అంటే 150 పాటలనూ దావూదే రాశారని ఆ పుస్తకం కూడా అనడం లేదు.

పేరున్న 73 సంగతి కూడా అంత సులువు కాదు. శీర్షికలో ఉన్న హీబ్రూ మాట లె దావీద్. అందులో లె అన్న ఒక్క అక్షరానికి యొక్క అని అర్థం వస్తుంది, కోసం అని వస్తుంది, గురించి అని కూడా వస్తుంది. దావూద్ రాసిన పాట కావచ్చు, దావూద్ వంశపు రాజు కోసం కట్టింది కావచ్చు, ఆయన పేరుతో ఉన్న సంకలనం నుంచి తీసింది కావచ్చు.

పుస్తకం లోపలే ఇంకా ఆనవాళ్లు ఉన్నాయి. 30వ కీర్తన దావూద్ పేరుతోనే ఉంది, కానీ మందిర ప్రతిష్ఠ పాట అని శీర్షిక చెప్తుంది. ఆ మందిరం కట్టింది దావూద్ కాదు, ఆయన తర్వాత సులైమాన్. 72వ కీర్తన చివర దావూద్ ప్రార్థనలు ఇక్కడితో ముగిశాయని రాసి ఉంది, ఆ తర్వాత కూడా ఆయన పేరుతో పాటలు వస్తూనే ఉంటాయి. 14వ కీర్తన, 53వ కీర్తన దాదాపు ఒకటే. విడివిడిగా ఉన్న పాటల కట్టలను తర్వాత ఎవరో ఒక్కటిగా కుట్టారని దీన్నిబట్టి తెలుస్తుంది. 137వ కీర్తన బాబిలోన్‌లో బందీలై ఏడ్చిన జనం పాట. జెరూసలేం కూలింది క్రీస్తుపూర్వం 586 ప్రాంతంలో. దావూద్ పోయి అప్పటికి దాదాపు 400 ఏళ్లు.

ఆ పాటల కట్టడం కూడా దావూద్‌తో మొదలైంది కాదు. 1929లో సిరియా తీరంలో ఉగరిత్ అనే పాత పట్నం మట్టి పలకలు దొరికాయి. దావూద్ కంటే రెండు వందల ఏళ్లకు పైగా పాతవి. ఒక మాట చెప్పి, వెంటనే అదే మాటను ఇంకో రకంగా తిప్పి చెప్పే పద్ధతి వాటిలో ఉంది. కీర్తనల్లోనూ అదే పద్ధతి. హీబ్రూ కవిత్వానికి అంత్యప్రాస కంటే ఈ జంట మాటలే తాళం అని 1753లో ఇంగ్లండ్ పండితుడు రాబర్ట్ లోత్ వివరించాడు. అంటే దావూద్ కాలానికే ఆ నేల మీద పాట కట్టే పనితనం సిద్ధంగా ఉంది. విగ్రహాలకు పాడిన ఆ పనితనాన్ని ఒక్క దేవుడి వైపు తిప్పడమే ఇక్కడ జరిగిన కొత్త సంగతి.

పేరు పెరుగుతూ పోయింది

విచిత్రం ఏమిటంటే కాలం గడిచేకొద్దీ దావూద్ పేరు తగ్గలేదు, పెరిగింది. క్రీస్తుపూర్వం మూడు, రెండు శతాబ్దాల్లో యూదులు తమ గ్రంథాలను గ్రీకులోకి తర్జుమా చేసినప్పుడు హీబ్రూలో పేరు లేని ఇంకొన్ని కీర్తనల మీద కూడా దావూద్ పేరు పెట్టారు. 151వ కీర్తన కూడా ఒకటి చేర్చారు. 1956లో మృత సముద్రం దగ్గర కుమ్రాన్ 11వ గుహలో దొరికిన ఒక తోలు చుట్ట అయితే ఏకంగా లెక్క రాసింది. దావూద్ 3,600 కీర్తనలు, మరో 450 పాటలు, మొత్తం 4,050 రచించారని.

యూదుల తల్మూద్ మధ్యదారి పట్టింది. దావూద్ కీర్తనల గ్రంథం రాశారు, కానీ అందులో పదిమంది పెద్దల పాలు ఉందని చెప్పి, ఆదం, ఇబ్రాహీం, మూసా మొదలు ఆసాపు, కోరహు కుమారుల దాకా పేర్లు ఇచ్చింది. 10వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అరబీలో రాసిన యూదు పండితుడు సఅదియా మొత్తం దావూద్‌కు దిగిన దైవవాక్కే అన్నాడు. 12వ శతాబ్దంలో స్పెయిన్‌కు చెందిన ఇబ్న్ ఎజ్రా కాదు, వేరేవాళ్ల పాటలు కూడా ఉన్నాయన్నాడు. అంటే ఈ చర్చ నిన్నమొన్న ఎవరో నాస్తికులు లేపింది కాదు. గ్రంథాన్ని గుండెకు హత్తుకున్న వాళ్ల మధ్యే వెయ్యేళ్ల కింద నడిచింది.

ముస్లింలు కూడా దీనికి దూరంగా లేరు. మధ్యయుగంలో అరబీలో జబూర్ పేరుతో చాలా రాతప్రతులు తిరిగాయి. తెరిచి చూస్తే బైబిల్ కీర్తనలు కావు. లోకం మీద ఆశ తగ్గించుకోమని, మరణాన్ని గుర్తుంచుకోమని దావూద్‌ను ఉద్దేశించి చెప్పినట్టు ముస్లిం భక్తులే కూర్చిన ఉపదేశాలు. మోసం చేయాలని రాసినవిగా అవి కనిపించవు. పశ్చాత్తాపం, కన్నీరు, రాత్రి నమాజు గురించి రాయాలనుకున్న వాళ్లకు దావూద్ కంటే తగిన పేరు దొరకలేదు.

శక్కర్ బస్తా మీది పేరు

ఇది మనకు అర్థం కాని సంగతి ఏమీ కాదు. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. 2015 డిసెంబర్‌లో మూతపడ్డది. అది నడిచిన రోజుల్లో సీజన్ వస్తే ఎన్నో ఊళ్ల నుంచి చెరుకు బండ్లు, ట్రాక్టర్లు వరస కట్టేవి. గేటు దాటి గానుగలో పడ్డాక ఏ రసం ఏ రైతుదో ఎవరూ చెప్పలేరు. బస్తా మీద మాత్రం ఫ్యాక్టరీ పేరే పడేది. ఆ పేరు అబద్ధం కాదు. అట్లాగని చెరుకంతా ఫ్యాక్టరీ పండించిందీ కాదు.

వేమన పద్యాల సంగతీ అంతే. సి.పి. బ్రౌన్ ఊరూరా రాతప్రతులు సేకరించి 1829లో అచ్చు వేశాడు. వేమన మకుటంతో తిరిగే పద్యాలు వేలల్లో ఉన్నాయి. ఇవి ఆయనవి, ఇవి కావు అని గీత గీయడం ఇప్పటికీ ఎవరివల్లా కాలేదు. మకుటం తగిలిస్తే పద్యం ఆయనది అయిపోతుంది. ఉర్దూ షాయరీలోనూ మఖ్తాలో తఖల్లుస్ ఉంటే గజల్ ఫలానా వాళ్లదని నమ్ముతారు, గాలిబ్ పేరుతో ఆయన రాయని షేర్లు ఎన్ని తిరుగుతున్నాయో ఫోన్లు చూసేవాళ్లకు తెలుసు.

పాట బతకడానికి రాసినవాడు ఒక్కడే చాలడు అనడానికి నిజామాబాద్ ఖిల్లాయే సాక్ష్యం. 1948లో అక్కడి జైల్లో ఉన్న దాశరథి కృష్ణమాచార్య పళ్లు తోముకునే బొగ్గుతో గోడ మీద పద్యం రాశారు. జైలు వాళ్లు చెరిపేశారని చెప్తారు. తోటి ఖైదీల్లో వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. గోడ మీది గీతలు పోయినా పద్యం మనుషుల నోళ్లలో బయటికి వచ్చింది. తర్వాత గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చింది కూడా ఆ దాశరథే.

దావూద్ పాటలకు కూడా అట్లాంటి మనుషులు ఉన్నారు. బైబిల్ దినవృత్తాంతాల గ్రంథం ప్రకారం దైవసేవలో పాడటానికి ఆయన ఏర్పాటు చేసిన గాయకులు 288 మంది. ఆసాపు, హేమాను, యెదూతూను వాళ్లకు పెద్దలు. తండ్రి నుంచి కొడుకు, గురువు నుంచి శిష్యుడు ఆ పాటలు నేర్చుకున్నారు. మందిరం కూలింది, జనం బందీలుగా పోయారు, భాష మారింది. పాడేవాళ్లు మాత్రం ఆగలేదు. పోతూ పోతూ తమ కాలపు ఏడుపును కూడా అందులో కలిపారు. పేరు మాత్రం మొదట దారి చూపిన వాడిదే ఉంచారు.

నమ్మకం ఎక్కడ, లెక్క ఎక్కడ

అయితే ముస్లింకు జబూర్ ఎవరిది అన్న ప్రశ్నే వేరు. దావూద్‌కు జబూర్ ఇచ్చానని అల్లాహ్ ఖుర్ఆన్‌లో చెప్పాడు. కాబట్టి ముస్లిం నమ్మకంలో జబూర్ ఒక కవి రచన కాదు. ఇచ్చినవాడు అల్లాహ్, అందుకుని పారాయణం చేసినవారు దావూద్. అందులో హలాల్ హరాం చట్టాలు లేవని, 150 సూరాల్లో స్తుతి, హితబోధ ఉన్నాయని ఇమాం ఖుర్తుబీ రాశారు. తర్వాత చేతులు మారిన గ్రంథాల్లో ప్రతి అక్షరం మొదటిదే అని ముస్లిం పూచీ పడడు. పైన చూసిన శీర్షికల లెక్క కూడా ఆ పుస్తకం చాలా చేతుల మీదుగా వచ్చిందనే చెప్తుంది.

కానీ దానర్థం అందులో ఏమీ లేదని కాదు. సజ్జనులే భూమికి వారసులవుతారని జబూర్‌లో రాశానని అల్లాహ్ సూరా అంబియాలో చెప్పాడు. అదే భావం 37వ కీర్తనలో ఒకటికి నాలుగుసార్లు కనిపిస్తుంది. ఇంత తేటగా కలిసే మాట కళ్ల ముందు ఉండగా మొత్తం పుస్తకాన్ని ఎగతాళి చేయడానికి ఏ ముస్లింకు నోరు వస్తుంది?

గ్రంథప్రజలు తమ గ్రంథం చదివి వినిపిస్తే నిజమని అనొద్దు, అబద్ధమని కూడా అనొద్దు అని ప్రవక్త (స) నేర్పారు. అల్లాహ్ దించిన దాని మీద మాకు ఈమాన్ ఉంది అని చెప్పమన్నారు. ఈ హదీసు బుఖారీలో ఉంది. చాయ్ హోటల్ వాదనకు ఇంతకంటే మంచి జవాబు లేదు. పక్కింటి క్రైస్తవ కుటుంబంలో ఎవరైనా చనిపోతే అక్కడ 23వ కీర్తన చదువుతారు. ఓదార్పు చెప్పడానికి పోయిన ముస్లిం అక్కడ దావీదు పేరు వింటాడు. అది తన ప్రవక్త పేరే. శీర్షికల లెక్క తీయాల్సిన చోటు అది కాదు, తల వంచుకుని నిలబడాల్సిన చోటు.

సమాధి మీద కూడా ఆయన పేరే

బైబిల్ లెక్కలో దావూద్ 70 ఏళ్లు బతికారు. తిర్మిజీ హదీసులో ఇంకో సంగతి ఉంది. తన సంతతిని చూపించినప్పుడు హజ్రత్ ఆదం అలైహిస్సలాం దావూద్ ముఖంలోని వెలుగు చూసి, ఆయన ఆయుష్షు 60 ఏళ్లేనని తెలిసి, తన ఆయుష్షులో నుంచి 40 ఏళ్లు ఇచ్చారు. ఆయన పేరు మీది పాటల్లాగే ఆయన ఆయుష్షులోనూ ఇంకొకరి వాటా ఉంది. ఎండలో జనాజా సాగుతుంటే సులైమాన్ ఆజ్ఞతో పక్షులు రెక్కలు చాపి నీడ పట్టాయని ఇబ్న్ కసీర్ ప్రవక్తల చరిత్రలో చెప్పారు.

జెరూసలేంలో సియోను కొండ మీద దావూద్ సమాధి అని ఒక కట్టడం ఉంది. కింద యూదులు ప్రార్థన చేస్తారు. పైగదిని ఈసా అలైహిస్సలాం చివరి విందు జరిగిన చోటుగా క్రైస్తవులు గౌరవిస్తారు. అదే గదిలో ఒక మిహ్రాబ్ కూడా ఉంది. 16వ శతాబ్దం నుంచి 1948 వరకు ఆ చోటు బాగోగులు చూసింది దజానీ అనే ముస్లిం కుటుంబం. ఆ సేవ వల్ల వాళ్ల ఇంటి పేరు పక్కన దావూదీ అని కూడా చేరింది. దావూద్ కాలం నాటి పట్నం ఆ కొండ మీద కాదు, దానికి తూర్పున ఉన్న చిన్న గుట్ట మీద ఉండేది. అందుకే అసలు సమాధి అక్కడ ఉందని చరిత్రకారులు ఒప్పుకోరు.

అయినా మూడు మతాల వాళ్లూ అక్కడికి వస్తూనే ఉన్నారు. రాయి కింద ఎవరున్నారో తేల్చుకోడానికి కాదు. తప్పు చేస్తే ఏడవొచ్చని, రాత్రి లేచి అడిగితే వినేవాడు ఉన్నాడని తమకు నేర్పిన మనిషి పేరు అక్కడ ఉంది కాబట్టి.